ఊరేగింపు కారు ఎందుకు మరిగింది

కరోనా తగ్గి షిఫ్టులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన మరుసటి సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, గోదావరిఖని వైపున్న మా ఏరియా వర్క్‌షాపులో నన్ను ఒక పాత కారు పనికి వేశారు. అప్పటికి నా హోదా ఫిట్టర్ హెల్పర్. బొగ్గు కంపెనీలో మనిషి పేరు కంటే హోదా ముందు నడుస్తుంది కాబట్టి అది కాస్త చెప్పాలి. నా భర్త పోయాక ఆయన ఉద్యోగం కింద నేను జనరల్ మజ్దూర్‌గా చేరాను. జనరల్ మజ్దూర్ అంటే ఏ పని చెబితే ఆ పని. వర్క్‌షాపు ఊడ్చాను, ఆయిల్ డ్రమ్ములు దొర్లించాను, స్పానర్లు అందించాను. అందిస్తూ అందిస్తూ ఏ నట్టుకు ఏ స్పానరో అడగకముందే తెలిసిపోవడంతో హెల్పర్‌ని చేశారు.

నాకు చిన్నప్పుడు చదువు లేదు. నలభై దాటాక సెంటినరీ కాలనీలో ఆడవాళ్ళకు పెట్టిన సాయంత్రం క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. సాధన మాత్రం స్పేర్ పార్టుల డబ్బాల మీదే జరిగింది. అందుకని ‘అమ్మ’, ‘ఆవు’ కంటే ‘గాస్కెట్’, ‘బేరింగ్’ అన్న మాటలు నాకు ముందు చదవడం వచ్చాయి.

మా సెక్షన్ పేరు లైట్ వెహికిల్ సెక్షన్. అధికారుల జీపులు, కార్లు, అంబులెన్సులు మా దగ్గరికి వచ్చేవి. ఒకప్పుడు షెడ్డు నిండా మనుషులుండేవారు. నేను చెప్పే నాటికి ముగ్గురమే మిగిలాం. ఒకరు ఫోర్‌మెన్ ఓదెలు. వయసులో ఉన్నప్పుడు అండర్‌గ్రౌండ్ గనిలో చేసి, తర్వాత వర్క్‌షాపుకు మారినవాడు. ఇంకొకరు మోకాళ్ళు పట్టేసి కుర్చీకి అలవాటుపడిన డ్రైవరు. మూడో మనిషిని నేను. కంపెనీ తన జీపుల్ని ఒక్కొక్కటిగా వేలం వేసి, బయటివాళ్ళ బండ్లను కిరాయికి పెట్టుకోవడం మొదలుపెట్టింది. కిరాయి బండి చెడిపోతే దాని యజమాని చూసుకుంటాడు. ఇక మా అవసరం ఏమిటన్నది ఆఫీసులో అడిగేవారి ప్రశ్న. నిజం చెప్పాలంటే అది సరైన ప్రశ్నే.

సెక్షన్ మూసేసి మా ముగ్గురినీ సీహెచ్‌పీకి పంపుతారన్న మాట అప్పటికే తిరుగుతోంది. సీహెచ్‌పీ అంటే బొగ్గును చితక్కొట్టి, బెల్టుల మీద తీసుకుపోయి రైలు వ్యాగన్లలో నింపే చోటు. హెల్పర్‌గా అక్కడికి వెళ్ళినవాళ్ళు చేసే పని, బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వేయడం. హోదా కాగితం మీద అలాగే ఉంటుంది. చేతిలో స్పానర్ పోయి పార వస్తుంది. అన్నేళ్ళు పట్టి నేర్చుకున్న పని అలా పారతో ముగియడం నాకు ఇష్టం లేదు.

ఆ సమయంలోనే స్టోర్స్ యార్డులో, చిరిగిన టార్పాలిన్ కింద, ఆ కారు దొరికింది. కంపెనీ పాత రోజుల్లో ఎవరో పెద్ద ఇంజినీరు వాడిన విదేశీ బండి. గుండ్రటి బుగ్గలు, పొడుగు ముక్కు, వెనక్కి తెరుచుకునే తలుపులు. మా ఏరియా జనరల్ మేనేజర్ గారికి, అంటే జీఎం గారికి, అది తెగ నచ్చింది. కంపెనీ ఆవిర్భావ దినం నాడు తన ఆఫీసు నుంచి స్టేడియం వరకు అందులోనే ఊరేగింపుగా వెళ్ళాలని తలచారు. దాన్ని నడిపించే బాధ్యత మా ఇంజినీరు వెంకటరత్నం గారి మీద పడింది. వారి తాత కాలంలోనే కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం గోదావరి మాటే. జీఎం గారు ఏమన్నారో ఆయనే మాకు చెప్పారు: ఆ రోజు కారు ఆగకుండా నడిస్తే సెక్షన్ ఉంటుంది, దారిలో ఆగితే సెక్షన్ కూడా అక్కడే ఆగుతుంది.

ఇంజిన్ విప్పాం, కడిగాం, పిస్టన్ రింగులు మార్చాం, కార్బురేటర్ శుభ్రం చేశాం. దొరకని పార్టులు మా లేత్ మెషిన్ మీదే చేయించాం. బాడీకి కరీంనగర్‌లో డెంటింగు, పెయింటింగు చేయించి తెచ్చారు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు చప్పుడు గడియారంలా ఉంది. ఓదెలు ఇంజిన్ వైపు చెవి వంచి విని, “పాలు తాగిన పిల్ల లెక్క నిద్రపోతుంది” అన్నాడు.

ఆ పిల్ల నిద్ర ఫైర్ స్టేషన్ మలుపు దాకానే సాగింది. మొదటి ట్రయల్‌లో అక్కడికి చేరేసరికి వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. రేడియేటర్ మూత పక్కనుంచి ఆవిరి బుసకొట్టింది. టీ హోటల్ దగ్గరున్న వాళ్ళంతా లేచి వచ్చారు.

“ఏందక్కా, బొగ్గు ఇంజనా గిది? కూత గూడ ఏస్తదా?” అని ఒకతను అడిగాడు.

“ఎయ్యదు గని, నీ ఛాయ్‌కి ఉడుకు నీళ్ళు ఇస్తది, గ్లాసు పట్టుకరా” అన్నాడు ఓదెలు.

ఇక్కడ ఇంజిన్ ఎలా చల్లబడుతుందో రెండు మాటల్లో చెబుతాను. ఇంజిన్ లోపల పెట్రోలు మండుతుంటే ఇనుము కాలిపోకుండా దాని చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి. వేడెక్కిన నీళ్ళను పంపు రేడియేటర్‌లోకి తోస్తుంది. రేడియేటర్ అంటే సన్నని గొట్టాలు, వాటి మధ్య దువ్వెన పళ్ళలా రేకులు. వెనక ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలిని లాగుతుంది. గాలి వేడిని తీసుకుపోతుంది, చల్లబడ్డ నీళ్ళు మళ్ళీ ఇంజిన్‌కి పోతాయి. వేగంగా పోయే బండికి ఎదురుగాలి సాయం చేస్తుంది. ఊరేగింపులో నడక వేగంతో పోయే బండికి ఆ సాయం ఉండదు. అంతా ఫ్యాన్ మీదే. అందుకే పెళ్ళి బరాతుల్లో పాత కార్లు మండపం చేరకముందే మరుగుతాయి.

వెంకటరత్నం గారు పద్ధతి ప్రకారం మొదలుపెట్టారు. ఆయన పద్ధతిలో లోపమేమీ లేదని ముందే చెప్పాలి. మొదట థర్మోస్టాట్ విప్పించారు. ఇది నీళ్ళు వేడెక్కినప్పుడు మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు. దాన్ని మా టీ గిన్నెలో వేసి, కింద స్టవ్ వెలిగించి చూశాం. సగమే తెరుచుకుంది. దొరికిందనుకుని మార్చాం. బాడీ మీది దుమ్ము తుడిచి రెండో ట్రయల్‌కి సిద్ధమయ్యాం.

రెండో ట్రయల్ చూడటానికి జీఎం గారి ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తారని కబురొచ్చింది. మా కంపెనీలో అధికారి వస్తున్నాడంటే అంతకు ముందు రోజు రంగు వస్తుంది. చెట్ల మొదళ్ళకు సున్నం, జేగురు. దారి పక్క రాళ్ళకు తెలుపు, నలుపు. ఇసుక బకెట్లకు ఎరుపు. గోడకు కొత్త నీలం. ఇదంతా సివిల్ విభాగంలో పెయింటరుగా ఉన్న కొమురయ్య పని. కొమురయ్య పని దొంగ కాదు. చెప్పిన దానికంటే కాస్త ఎక్కువే చేసేవాడు. మా ఇబ్బందంతా అందులోనే ఉందని మాకు అప్పుడు తెలియదు.

అతను డబ్బా, కుంచె పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

“లచ్చక్కా, జరంత జరుగు. రేపు సారు వస్తుండట. బండి ముందుభాగం మెరవాలెనని ఆర్డరు.”

“కరీంనగర్ల రంగు ఏసి తెచ్చిన్రు గద” అన్నాను.

“అది పైరంగు. నేను లోపల సూస్త. జాలీల నుంచి తొంగి సూస్తే నల్లగ మెరవాలె గని తుప్పు కనబడొద్దు.”

ఓదెలు పక్కనుంచి, “గుండె జబ్బున్నోనికి మొకానికి పౌడర్ కొట్టుడేంది కొమురన్నా?” అన్నాడు.

“గుండె నీ డిపార్ట్‌మెంటు ఓదెలన్నా, మొకం నా డిపార్ట్‌మెంటు. ఎవల పని వాళ్ళు చేద్దాం” అన్నాడు కొమురయ్య. అది న్యాయంగానే తోచి మేము పక్కకు జరిగాం.

రెండో ట్రయల్‌లో బండి ఫైర్ స్టేషన్ దాకా కూడా పోలేదు.

ఈసారి వాటర్ పంపు విప్పాం. రెక్కలు అరిగి ఉన్నాయి. కొత్త రెక్కలు చేయించాం. ఫ్యాన్ బెల్టు వదులుగా ఉంటే బిగించాం. మెత్తబడి లోపలికి ముడుచుకుంటున్న కింది హోస్ పైపు మార్చాం. రేడియేటర్‌కి కింది నుంచి పైకి నీళ్ళు ఒత్తిడితో పంపి లోపలి మడ్డి కడిగాం. ఎర్రటి నీళ్ళు చాలాసేపు వచ్చి, తర్వాత తేటగా వచ్చాయి. ధార ఆగకుండా పారుతుంటే చూసి, ఇక రేడియేటర్‌లో ఏ దోషమూ లేదని ముగ్గురం నిర్ణయించాం. నీళ్ళ వరకు ఆ నిర్ణయం సరైనదే.

అప్పటికి కారు మరుగుతోందన్న వార్త పైకి పాకింది. ఈసారి ఇంకా పెద్ద అధికారి వచ్చారు. ఆయనకంటే ముందు కొమురయ్య వచ్చాడు. మూడో ట్రయల్‌లో బండి వర్క్‌షాపు గేటు దాటి, క్యాంటీన్ దగ్గర ఆగింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఒక అధికారి మా కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువని, బాటిల్ నీళ్ళు పోయమన్నారు. ఇంకొకరు డ్రైవరుకి గేరు మార్చడం రాదన్నారు. మా డ్రైవరు ఆ మాట విని కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. క్యాంటీన్ వాళ్ళు నిమ్మకాయలు, మిరపకాయలు దారానికి గుచ్చి బంపర్‌కి కట్టారు. వెంకటరత్నం గారు ఇగ్నిషన్ టైమింగ్ సరిచూశారు, హెడ్ గాస్కెట్ మార్పించారు. ప్రతి విప్పుడులోనూ ఏదో ఒక చిన్న లోపం దొరికేది. అరవై ఏళ్ళు దాటిన బండిలో లోపం దొరక్కపోతేనే ఆశ్చర్యం. దొరికిన ప్రతిదాన్నీ అసలు దొంగ అనుకునేవాళ్ళం.

ప్రతి బాగుచేతకూ ఒక తనిఖీ, ప్రతి తనిఖీకీ ఒక రంగు. నాలుగోసారి బండి షెడ్డులో నిలబడే మరిగింది.

“వింతగా ఉందండీ,” అన్నారు వెంకటరత్నం గారు, చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ. “ఒక్కో పార్టు మార్చేకొద్దీ ఇంకాస్త ముందే మరుగుతోంది. ఇలా ఎక్కడైనా ఉంటుందా?”

“సార్, మనం దీన్ని బాగు చేస్తున్నమా, పాడు చేస్తున్నమా? ముందు అది తేల్చున్రి” అన్నాడు ఓదెలు.

ఆ వారమే జీఎం గారి దగ్గర్నుంచి మాట వచ్చింది. కారు నడవకపోతే ట్రాలీ మీద ఎక్కించి ట్రాక్టరుతో లాగిస్తారట. ట్రాలీ ఎక్కిందంటే మేము సీహెచ్‌పీ ఎక్కినట్టే. మా డ్రైవరు సీహెచ్‌పీలో కుర్చీలు ఉంటాయా అని ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. ఉండవట.

మర్నాడు పొద్దున, చల్లగా ఉన్నప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి, వెంకటరత్నం గారితో పాటు ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. కంపెనీలో ఆడవాళ్ళం చీర మీద ఖాకీ చొక్కా వేసుకుంటాం. చొక్కా చేతులు మడిచి, కొంగు దోపి, ఫ్యాన్ అంచుకు దూరంగా పక్క సందులోంచి చెయ్యి పెట్టి చూశాను. మరిగే బండి ఏదైనా సరే, రేడియేటర్ వెనక చెయ్యి పెడితే వేడి గాలి కొట్టాలి. జీపుల్లో ఆ గాలికి చలికాలం చేతులు కాచుకునేవాళ్ళం. ఇక్కడ ముల్లు పైకి పోతోంది గానీ చేతికి గాలి తగలడం లేదు.

“ఓదెలన్నా, ఇటు దిక్కు గాలి వస్తలేదు” అన్నాను.

ఓదెలు కూడా చెయ్యి పెట్టాడు. అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత అతని నోటి నుంచి గని మాట వచ్చింది.

“రిటర్న్ లేదు.”

గనిలోకి పోయే గాలిని ఇన్‌టేక్ అంటారు. బొగ్గు తీసే చోట్లన్నీ తిరిగి, వేడినీ దుమ్మునూ మోసుకుని బయటికి వచ్చే గాలి రిటర్న్. కింద చేసినవాళ్ళకు చీకట్లో కూడా చెంపకు తగిలే గాలిని బట్టి ఏ దారిలో ఉన్నామో తెలుస్తుంది. రిటర్న్‌లో గాలి ఉక్కగా ఉంటుంది. అసలు గాలే లేదంటే, మధ్యలో ఎక్కడో పైకప్పు కూలి దారి మూసుకుపోయిందని అర్థం.

“సార్, రిటర్న్ ఉడుకుగ వస్తే గాలి పని చేస్తున్నట్టు. ఇది అసలే వస్తలేదు. ఎక్కడ్నో పడ్డది” అన్నాడు ఓదెలు.

వెంకటరత్నం గారు ఆ మాటను పట్టుకున్నారు. ఇంజిన్ ఆపించి, హ్యాండ్ ల్యాంపు తెమ్మన్నారు. నేను ల్యాంపును రేడియేటర్ వెనక పెట్టి వెలిగించాను. ఆయన ముందువైపు మోకాళ్ళ మీద కూర్చుని జాలీలోంచి చూశారు. మంచి రేడియేటర్ అయితే రేకుల సందుల్లోంచి వెలుతురు జల్లెడలోంచి పడ్డట్టు పడుతుంది.

“ల్యాంపు వెలిగించారా, లక్ష్మిగారూ?”

“వెలిగించిన సార్.”

“వెలుగుతోందా?”

“కండ్లు మండుతున్నయి సార్.”

ఆయనకు మాత్రం చీకటిగానే ఉంది. జాలీ ఊడదీయించి, స్క్రూడ్రైవర్ మొనతో గీకారు. నల్లటి పెచ్చు ఊడింది. దాని కింద వెండి రంగు. దాని కింద మళ్ళీ నలుపు. అడుగున ఎర్రటి ప్రైమర్. అన్నింటి కిందా రాగి. రేకుల సందులన్నీ రంగుతో పూడుకుపోయి, పైకి మాత్రం కాటుకలా మెరుస్తున్నాయి. మొదటిసారి మరిగింది సగమే తెరుచుకున్న థర్మోస్టాట్ లాంటి పాత లోపాల వల్ల, ఆ తర్వాత మరిగిందంతా ఈ రంగు వల్ల.

కొమురయ్యను పిలిపించారు. అతను దాచుకునేదేమీ లేనట్టు, వంగి చూసి, ఒక్కో పొరనూ వేలితో చూపించాడు.

“ఈ ఎర్రది మొదటి సారు వచ్చినప్పటిది. ఈ నలుపు గూడ అప్పటిదే, ఒక్కటే పూట. ఈ సిల్వర్ రెండో సారుది, ఆయినకు సిల్వర్ అంటె పాయిరమట. పైది మొన్నటిది. మంచి ఎనామిల్ సార్, చిక్కగ ఏసిన. పదేండ్లు సూసే పని లేదు.”

“సీముల లెక్కనే ఉన్నదిగద” అన్నాడు ఓదెలు. భూమిలో బొగ్గు పొరల్ని మేము సీములంటాం, పైనుంచే నేల తవ్వుకుంటూ పోయే గనిని ఓపెన్‌కాస్ట్ అంటాం. “ఒకటో సీము, రెండో సీము, మూడో సీము. ఇంకో సారు వస్తే ఓపెన్‌కాస్ట్ పెట్టి తవ్వాలె.”

“ఇక్కడ రంగు వెయ్యమని ఎవరు చెప్పారయ్యా?” అన్నారు వెంకటరత్నం గారు.

“మీరే గద సార్. ‘కంటికి కనబడేదంతా నీట్‌గా ఉండాలి’ అన్నరు. ఇది కనబడుతది.”

వెంకటరత్నం గారు ఆ మాట అన్నది నిజమే. ఆయనకు ఆ మాట పైనుంచి వచ్చింది. పైవాళ్ళకు ఇంకా పైనుంచి వచ్చి ఉంటుంది. ఆయన ఇంకో పెచ్చు గీకి చూసి, రంగు చాలా బాగా పట్టిందని ఒప్పుకున్నారు.

తర్వాతి పని కష్టమైనదే కానీ అందులో చెప్పుకోవలసిన వింత ఏమీ లేదు. రేడియేటర్ విప్పి, జిడ్డు పార్టులు కడిగే వేడి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచాం. ఎక్కువసేపు ఉంచితే గొట్టాల అతుకులు దెబ్బతింటాయి కాబట్టి తీసి చూస్తూ, మళ్ళీ ముంచుతూ రంగును మెత్తబరిచాం. కంప్రెసర్ గాలి కొట్టాం. మొండిగా మిగిలినదాన్ని హ్యాక్సా బ్లేడు ముక్కతో సందు సందుకూ గీశాం. తలలో పేలు తీసే ఓపిక ఉన్నవాళ్ళు చేయగల పని అది. ఓదెలు ఒక గంటకే లేచిపోయాడు. కొమురయ్య వచ్చి నా ఎదురుగా కూర్చుని రెండో పక్క నుంచి గీకాడు. తాను వేసిన రంగు అంత తేలిగ్గా రాకపోవడం అతనికి లోలోపల సంతోషంగానే ఉన్నట్టు అనిపించింది.

బిగించి, కమాన్‌పూర్ రోడ్డు మీద నడక వేగంతో పోయి వచ్చాం. ముల్లు మధ్యలో నిలిచింది. వెనక చెయ్యి పెడితే వేడి గాలి కొట్టింది. వెంకటరత్నం గారు పై అధికారికి ఏమని రాయాలా అని చాలాసేపు ఆలోచించారు. రంగు వల్ల బండి మరిగిందని రాస్తే, రంగు వెయ్యమన్నది ఎవరన్న ప్రశ్న పైకి పోతుంది. చివరికి ‘గాలి ప్రవాహానికి గల బాహ్య అవరోధము తొలగింపబడినది’ అని రాశారు. నేను చదివి, అవరోధము అంటే ఏమిటి సార్ అని అడిగాను. కొమురయ్య అని చెప్పి నవ్వారు.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ఆవిర్భావ దినానికి ముందు రోజు చివరి తనిఖీకి జీఎం గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. పొద్దున షిఫ్టు మొదలవుతూనే కొమురయ్య డబ్బాతో షెడ్డులో ఉన్నాడు. ముఖం ముడుచుకుని ఉంది.

“రంగు ఎయ్యాలెనట అక్కా. బండి ముందుభాగం, లోపటి దాకా. మా సారు రాసిచ్చిండు. ఎయ్యకపోతె నాకు మెమో. ఏస్తే మీకు సీహెచ్‌పీ. నేనేం జెయ్యాలె?”

వెంకటరత్నం గారు సివిల్ విభాగానికి ఫోన్ చేశారు. రంగు ఎందుకు వద్దో రాతపూర్వకంగా ఇమ్మని అక్కడివాళ్ళు అన్నారు. మళ్ళీ అదే చిక్కు. ఆయన ఫోన్ పెట్టేసి, పక్కకు తిరిగి నిలబడ్డారు.

కొమురయ్య షెడ్డు గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఎర్ర అక్షరాల బోర్డు ఉంది: ‘నడుచుచున్న యంత్రమును తుడువరాదు, నూనె వేయరాదు, తాకరాదు.’ గనులన్నింట్లో ఉండే సేఫ్టీ నియమమే. ఆ బోర్డు రాసింది కూడా అతనే.

“లచ్చక్కా,” అన్నాడు నెమ్మదిగా, “బండి స్టార్ట్ చెయ్యి.”

స్టార్ట్ చేశాను. కొమురయ్య డబ్బా మూత బిగించి, కుంచెను దాని మీద అడ్డంగా పెట్టి, బోర్డు కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“నడిసే మిషన్‌ల చెయ్యి పెట్టొద్దు. రూలంటె రూలే. ఇంజన్ ఆగినంక పిలువున్రి, ఏస్త.”

జీఎం గారు పదింటికి వస్తారన్నారు. రాలేదు. ఇంకాసేపట్లో అన్నారు. రాలేదు. నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు, ఉన్నదంతా ఫ్యాన్ గాలే. ఊరేగింపు కంటే గట్టి పరీక్ష అది, మేము కోరుకున్నది కూడా కాదు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ముల్లును చూస్తూ ఉండిపోయాను. ఎండ షెడ్డులోకి వచ్చింది. ముల్లు మధ్య నుంచి ఒక వెంట్రుకవాసి పైకి జరిగింది. ఓదెలు బానెట్ చుట్టూ తిరుగుతూ చెయ్యి పెట్టి పెట్టి చూస్తున్నాడు.

“రిటర్న్ ఎట్లున్నది?” అని అడిగాను.

“వస్తున్నది. ఉడుకుగనే వస్తున్నది. నువ్వు ముల్లును గట్ల గుడ్లురిమి సూడకు, బుగులుపడి పైకి పోతది.”

వెంకటరత్నం గారు వచ్చి, “చాలాసేపయింది, ఒక్క ఐదు నిమిషాలు ఆపి చల్లారనిద్దామా?” అన్నారు.

“ఆపితే కొమురన్న లేస్తడు సార్” అన్నాను.

ఆయన కొమురయ్య వైపు చూశారు. కొమురయ్య మర్యాదగా స్టూలు మీద నుంచి సగం లేచాడు. “వద్దులెండి, నడవనివ్వండి” అన్నారు వెంకటరత్నం గారు.

జీఎం గారు భోజనాల వేళకు కాస్త ముందు వచ్చారు. గేటు మెరుస్తోంది, రాళ్ళు మెరుస్తున్నాయి, పాత టైర్ల గుట్టకు కూడా ఎవరో తెల్ల గీతలు వేశారు. ఆయన కారు చుట్టూ తిరిగి, ముందు ఆగి, జాలీలోంచి చూసి, లోపల ఇంత వెలిసినట్టుందేమిటి, రంగు వెయ్యలేదా అని అడిగారు.

కొమురయ్య నిలువుగా నిలబడి, “మిషన్ రన్నింగ్‌ల ఉన్నది సార్. సేఫ్టీ రూలు సార్” అని బోర్డు చూపించాడు.

జీఎం గారు బోర్డు చదివారు. తల ఊపారు. ఎప్పటి నుంచి నడుస్తోందని అడిగారు. పొద్దుటి నుంచీ ఆపలేదని వెంకటరత్నం గారు చెప్పారు. జీఎం గారు వంగి మీటరు చూశారు. ముల్లు జరిగిన ఆ వెంట్రుకవాసి దగ్గరే నిలబడి ఉంది. మన ఏరియాలో సేఫ్టీ స్పృహ పెరిగిందని ఆయన పక్కనున్న అధికారితో అన్నారు. ఇంజిన్ గురించి ఏమీ అనలేదు.

మర్నాడు ఊరేగింపులో డప్పుల వెనక కారు పాకుతూ పోయింది. ప్రతి మలుపులో ఎవరో ఒకరు ఆపి పూలదండ తెచ్చి ముందు జాలీకి వేలాడదీశారు. ఓదెలు పక్కన నడుస్తూ ఒక్కో దండనూ భక్తిగా తీసి బానెట్ మీదికి మార్చాడు. చూసినవాళ్ళకు అది గౌరవంలా కనిపించింది. కారు స్టేడియంలోకి పోయి, చెప్పిన చోట ఆగింది.

తర్వాత వచ్చిన ఆర్డరులో, పురాతన వాహన సంరక్షణ నిమిత్తం లైట్ వెహికిల్ సెక్షన్ తదుపరి ఉత్తర్వుల వరకు కొనసాగుతుందని ఉంది. అదే ఆర్డరులో, కారు విలువైనది కాబట్టి ఇకపై రోడ్డు మీద నడపరాదని కూడా ఉంది. దాన్ని జీఎం ఆఫీసు ముందు అద్దాల గదిలో పెట్టారు. నడవని బండికి ముగ్గురు మెకానిక్‌లం. కారు అంత అందంగా కనిపించినందుకు ప్రశంసాపత్రం కొమురయ్యకు వచ్చింది. అతను దాన్ని మా షెడ్డుకు తెచ్చి, “తియ్యి, సగం నీది” అన్నాడు. సగం చించడం ఎట్లా అని నేను తీసుకోలేదు. తదుపరి ఉత్తర్వులు నేను రిటైరయ్యేదాకా రాలేదు. సీహెచ్‌పీ పార నా చేతికి రాలేదు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఏ యంత్రం దగ్గరికి పోయినా నేను ముందు అడిగిన ప్రశ్న మారింది. అప్పటి వరకు ఏం చెడిందని అడిగేదాన్ని. దానికి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు, ఎందుకంటే చెడిపోవడం ఎవరూ చూడరు. ఆ కారు తర్వాత, దీన్ని చివరిసారి బాగు చేసింది ఎవరు, ఏం చేశారు అని అడగడం మొదలుపెట్టాను. దానికి అందరూ వెంటనే, సంతోషంగా జవాబు చెబుతారు. చాలాసార్లు పని అక్కడి నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది.